మధ్యలో కూర్చున్నవాడు

శనివారం ఉదయం సరోజన పులిహోరకు చింతపండు నానబెడుతుంటే బేస్‌మెంట్‌లోంచి భర్త గొంతు వినిపించింది. అమరేశ్వరరావు ఫోనులో ఎవరికో నచ్చజెబుతున్నాడు.

"అందరూ హైదరాబాద్ అనే అంటారు ప్రజ్వల్. ఈసారి మాత్రం మ్యాచ్ అవతలి జట్టుదే. నీ మేలు కోరి చెప్తున్నా."

అతను పైకి రాగానే ఆమె అడిగింది. "పందెం కాయనన్నారుగా?"

"నేనెక్కడ కాశాను? మధ్యలో కూర్చుంటానంతే. ఒకడు ఈ జట్టు మీద, ఒకడు ఆ జట్టు మీద పెడతారు. ఓడినవాడు నూటపది డాలర్లు ఇస్తాడు. గెలిచినవాడికి వంద ఇస్తాను. మిగిలిన పదీ నా కమీషన్. ఎవడు గెలిచినా నాకొకటే."

ఈ మాట ఆమె ముందూ విన్నది. టికెట్లు బుక్ చేసే ఏజెంటు కమీషన్ తీసుకోవడం లేదా అని అప్పుడు సరిపెట్టుకుంది. మొదట వచ్చిన కమీషన్‌తో అతను దేవుడికి వెండి కుందులు కొన్నాడు. దేవుడికి ఇచ్చాక తప్పేముందిలే అనుకుని వాటిని తనే పసుపు కుంకుమలతో అలంకరించింది.

"ఒకటే అయితే ఆ అబ్బాయికి అటే పెట్టమని ఎందుకు చెప్పారు?"

"మనవాళ్లంతా హైదరాబాద్ మీదే పెడితే, హైదరాబాద్ గెలిచిన రోజు నా జేబులోంచి ఇవ్వాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. అటు ఎవడో ఒకడు ఉండాలిగా."

"వాళ్లే గెలుస్తారని మీకు తెలుసా?"

"నాకేం తెలుస్తుంది సరోజా?" అని నవ్వి అతను కాఫీ కలుపుకున్నాడు.

ఆ రోజు హైదరాబాద్ గెలిచింది.

దేశం వదిలి వచ్చి స్థిరపడిన ఎటోబికోలోని వాళ్లింట్లో శనివారం సాయంత్రాలు వేంకటేశ్వరస్వామి పూజ జరుగుతుంది. పురోహితుడు ఉండడు. అమరేశ్వరరావే అందరి గోత్రాలూ పేర్లూ చదివి సంకల్పం చెబుతాడు. ఎవరికేం కావాలో వంటింట్లో సరోజనతో చెబితే, ఆమె పీట మీద అతని పక్కన కూర్చుని చెవిలో వేస్తుంది. అతను దేవుడికి విన్నవిస్తాడు. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ రావాలనీ, ఉద్యోగం నిలవాలనీ ఎన్ని కోరికలు అలా ఆమె చెవి దాటి వెళ్లాయో.

"మా ఆయన డ్రైవింగ్ టెస్ట్ మళ్లీ పోయింది వదినా," అంది చంద్రిక కొబ్బరి చెక్కలు సర్దుతూ. "ఈసారి స్వామినే పక్క సీట్లో కూర్చోమనండి."

"కూర్చున్నా బ్రేక్ వెయ్యాల్సింది మీ ఆయనేగా," అంది సరోజన.

చంద్రిక నవ్వుకుంటూ హాల్లోకి వెళ్లాక మధుమిత దగ్గరికి వచ్చింది. ప్రజ్వల్ భార్య. ఇద్దరూ వాటర్లూలో చదువు ముగించి ఈ మధ్యే ఇటు వచ్చారు.

"ఆంటీ, ప్రజ్వల్ క్రికెట్ పందేలు మానాలని అంకుల్‌తో స్వామికి చెప్పించరా? రెంట్ కోసం దాచిన డబ్బులు ఇవాళ పోయాయి. ఎవరి దగ్గర పెడతాడో చెప్పడు. ఎవరో పెద్దమనిషట, అబద్ధం చెప్పడట."

సరోజన చేతిలోని గరిట పులిహోరలోనే ఉండిపోయింది. "చెప్తానమ్మా," అంది.

ఆరోగ్యం కోసమని మార్చి చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఒకరు దేవుడికి పంపిన మాటను దారిలో మార్చే హక్కు తనకుందా? పీట మీద కూర్చుని, ఆనవాయితీ ప్రకారం భర్త కుడిచేతిని తాకి, మధుమిత అడిగింది అడిగినట్టే అతని చెవిలో చెప్పింది.

అతను ఆమె వైపు చూడలేదు. గోత్రం చదివాడు. "ప్రజ్వల్ నామధేయస్య" అన్నాక గొంతు సవరించుకున్నాడు. తర్వాత గబగబా "ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం" అనేసి అక్షతల మీద నీళ్లు వదిలాడు.

సరోజన అతని చేతి మీంచి తన చెయ్యి తీసేసింది.

హారతి అయ్యాక మధుమిత ప్రసాదం గిన్నెతో దంపతులకు మొక్కడానికి వచ్చింది. "అంకుల్, మా సంగతి చెప్పారు కదా?"

"చెప్పానమ్మా. అంతా ఆయనే చూసుకుంటాడు."

ఆమె వంగింది. సరోజన కాళ్లు వెనక్కి లాక్కుంది.

"మాకు మొక్కకమ్మా. ప్రజ్వల్ పెట్టేది అంకుల్ దగ్గరే. ఇవాళ అటు పెట్టమన్నదీ ఆయనే. ఆ కమీషన్ తిండి నేనూ తింటున్నాను."

"సరోజా," అన్నాడు అమరేశ్వరరావు.

మధుమిత నిటారుగా నిలబడి భర్త కోసం చూసింది. ప్రజ్వల్ గుమ్మం దగ్గర తల వంచుకుని బూట్లు వెతుక్కుంటున్నాడు. ఆమె ప్రసాదం గిన్నెను మెల్లగా బల్ల మీద పెట్టి కోటు తీసుకుంది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పులిహోర వడ్డించినది వడ్డించినట్టే ఉంది.

ఆ వెండి కుందులు స్వామి ముందు నుంచి తీసేద్దామని సరోజన చెయ్యి చాపింది. రెండూ వెలుగుతున్నాయి. దీపం ఆర్పకూడదు. వాటిలో సాయంత్రం తనే నిండుగా నూనె పోసింది. దీపాలు కొండెక్కే దాకా తను ఆ వెలుగులోనే ఉండాలి.

తల ఎత్తి స్వామిని చూడలేక ఆమె నేల మీద కూర్చుంది. కాసేపటికి అమరేశ్వరరావు కూడా పీట వదిలి, ఆమెకు కొంచెం దూరంగా, కింద కూర్చున్నాడు.