ఎందుకమ్మ ఆఖరి డ్యూటీ

మూడో మంచం పక్కన వంగి, మూత్రపు సంచీని ఎగాదిగా చూసి, "ఈ గొట్టం ఇంకా ఎందుకు?" అంది నర్సు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా గొట్టం ఉన్న ప్రతి మంచం దగ్గరా అదే ప్రశ్న కాబట్టి వార్డంతా ఆమెను ఎందుకమ్మ అనే పిలుస్తుంది. పతకాలేవీ రాలేదు గానీ మొండిఘటమన్న పేరు మాత్రం పుష్కలంగా వచ్చింది.

ఆ మంచంలోని ముసలి దర్జీకి గొట్టం వేసి పంతొమ్మిది రోజులు. నాలుగు రోజులుగా జ్వరం. రెండు మందులు మారినా తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగబాకుతోంది.

"ఇంకా గట్టి మందు మొదలుపెడదాం," అన్నాడు కుర్ర డాక్టరు.

"పెట్టండి, వద్దనను. ముందు గొట్టం తీయించండి బాబూ."

"తీశాక మూత్రం రాకపోతే?"

"కొత్తది నేనే వేస్తాను."

"మీ ఉద్యోగం ఇవాళ రెండింటితో సరి కదండీ."

"నాలుగింటిదాకా కదలను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడని డాక్టరుకూ తెలుసు. సరేనన్నాడు.

తీసిన గొట్టాన్ని ఆమె ట్రేలో నిలువునా కోసింది. లోపల పాకుడులాంటి జిగురు. చేతితొడుగు వేలితో రుద్దినా ఊడలేదు.

"క్రిములు దీని చాటున కాపురం పెట్టాయి. మీ మందు వాటిదాకా పోదు."

"చదివాను. చూడటం ఇదే మొదలు," అన్నాడు డాక్టరు.

ఆమె మొదట చూసింది ఉద్యోగంలో చేరిన ఏడాదే. పెద్ద డాక్టరుకు భయపడి అడగకుండా ఊరుకుంది. వారం తిరక్కుండా ఆ మంచం ఖాళీ అయింది. ఆ తర్వాత ఆమె ఎవరి ముందూ నోరు మూసుకోలేదు.

రెండయింది. వీడ్కోలు కేకు కోద్దురు రమ్మని తోటి నర్సులు పిలిచారు.

"ఆయన మూత్రం పోస్తేగానీ రాను," అంది.

దర్జీకి నీళ్లు తాగించింది, పొత్తికడుపు తడిమి చూసింది, గోడకు చేరగిలబడింది. డాక్టరు ముందు తన మాట పోతే పోనీ, మనిషి పోకూడదు. మూడున్నర దాటాక ఆయన సిగ్గుపడుతూ, "అటు తిరగండమ్మా," అన్నాడు. తిరిగింది. ధార చప్పుడు వినగానే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

జ్వరం దిగిందీ లేనిదీ రేపు తెలుస్తుంది. ఆ రేపటికి తను ఉండదు. "సీసాలోది కొలిచి మీరే రాసుకోండి బాబూ," అని డాక్టరుకు చెప్పి, కేకు సంగతే మరచి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మంచం కింద, మూడు వందల గీత దాటిన ప్లాస్టిక్ సీసా ఇంకా వెచ్చగానే ఉంది.