ద్రాక్ష పందిరి చాటున

అండాలు సంచి సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. అన్నిటికన్నా అడుగున ఒక కొత్త ధోతి పెట్టింది. ఆపరేషన్ అయ్యాక బిక్షమయ్య ఇంటికి వచ్చే రోజున కట్టుకోవాల్సిన ధోతి అది. పైన ఉంటే ముందే చేతికి తగులుతుందని, ముందే తగిలితే ఏదో జరుగుతుందని ఆమె భయం. ఏం జరుగుతుందో ఆమెకూ తెలియదు. భయానికి అంత వివరం అక్కర్లేదు.

“నా కడుపుల గడ్డకన్న నీ సంచే పెద్దగున్నదే,” అన్నాడు బిక్షమయ్య గడప దగ్గర కూర్చుని. “డాక్టరు ముందుగాల దీన్ని కోస్తడు.”

“నోరు మంచిగ పెట్టు. పోయే పొద్దు గట్లనా మాట్లాడుడు?”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. బయల్దేరేటప్పుడు అందరూ మనిషి ముఖం చూస్తారు, అండాలు వీధి చూస్తుంది, ఎవరు ఎదురొస్తున్నారో అని. రజాకార్ల నాడు ఆమె తండ్రి భువనగిరికి బండి కట్టుకుని బయల్దేరుతుంటే, మొగుడు పోయిన మేనత్త నీళ్ల బిందెతో ఎదురైంది. తండ్రి నవ్వేసి, బండి ఆపకుండా వెళ్లాడు. మర్నాడు ఎద్దులు దారి గుర్తుపట్టుకుని బండిని ఇంటికి లాక్కొచ్చాయి. బండిలో మనిషి లేడు. అండాలు అప్పుడు పరికిణీల పిల్ల. ఆ తర్వాత ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లినా, ఆమె కంటికి ముందు కనిపించేది ఆ బిందే.

దసరా వెళ్లాక, దీపావళి ముందు, చౌటుప్పల్‌లో బస్సెక్కారు. ఎల్బీనగర్ చౌరస్తా వచ్చేసరికి అండాలు భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. రోడ్డుకు రెండు పక్కలా పొలాలు పోయి తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. మధ్య మధ్య సగం లేచిన ఇళ్లు, ఇసుక కుప్పలు, ప్లాట్ల బోర్డులు. ఆమెకు ఆ రాళ్లు గోరీల్లా కనిపించాయి. ఆ మాట భర్తకు చెప్పలేదు.

పెద్ద దవాఖానలో పరీక్షలు అయ్యేదాకా మంచం ఇవ్వలేమన్నారు. రోజూ వచ్చిపోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో లాడ్జి వెతకడానికి దిగారు. ఒక లాడ్జిలో గోడకు తలలు ఆనిన నూనె మరకలు. ఎవరి తలలో, వాళ్లంతా బాగై పోయారో లేదో అని అండాలు గదిలో అడుగు పెట్టలేదు. ఇంకో లాడ్జి మెట్ల మీద ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అండాలు అక్కడినుంచే వెనక్కి తిరిగింది.

“నాకు నిలబడ శాతనైతలేదే,” అన్నాడు బిక్షమయ్య, పొట్ట పట్టుకుని సైకిల్ షాపు ముందు కూర్చుంటూ.

చేతిసంచిలో కూరగాయలతో అటు పోతున్న ఒక పెద్దమనిషి ఆగాడు. బట్టతల, తెల్ల చొక్కా. పేరు సాంబమూర్తి, బ్యాంకు ఉద్యోగి, తెనాలి వైపు మనిషి. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుంటూ, అది పూర్తయ్యేదాకా ఇక్కడే ఒక హోటల్లో ఉంటున్నాడు.

“గది కోసమా అమ్మా? నాతో రండి. ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. కానీ నవ్వకూడదు, బోర్డు నేనే రాశాను.”

సందులోకి తిరిగారు. రెండు కొత్త బిల్డింగుల మధ్య, సిమెంటు దుమ్ము కింద, ఒక పెంకుటిల్లు. దర్వాజ మీద రేకు ముక్క: “సాయమ్మ పల్లె హోటల్. భోజనం, వసతి.” అక్షరాలు కుడివైపుకు పోయేకొద్దీ చిన్నవైపోయాయి. లోపల పేడతో అలికిన వాకిలి, దాని మీద ముగ్గు. పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన. అర్రల్లో నులక మంచాలు, మంచాల మీద మడత పెట్టిన గొంగళ్లు. ఇంటి వెనక రాతి కడీల మీద ద్రాక్ష పందిరి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలే. అన్నీ పోయి ఈ ఒక్క పందిరి మిగిలింది.

బిక్షమయ్య నులక మంచం మీద కూర్చుని హాయిగా ఊపిరి వదిలాడు. “పట్నంల పల్లె దొరికిందే!”

అండాలుకు కూడా నచ్చింది. నచ్చినందుకే భయం వేసింది. ఆమెకు నచ్చినవన్నీ చేజారినవే.

ఇంటామె సాయమ్మ, అండాలు కన్నా కొంచెం పెద్దది. మనిషి పొడుగు, నుదుట బొట్టు లేదు, గొంతు మాత్రం పందిరి దాటి వినిపిస్తుంది. మొదటి పూటే “చెల్లె” అన్నది. బిక్షమయ్య “వదినా” అన్నాడు. కారం పడని కడుపుకు ఆమె వేరే గంజులో జొన్న గటక చేసి, మజ్జిగ కలిపి పెట్టేది.

“వదినా, గింత సప్పగ తిని నేను బతుకాల్నా?”

“బతికినంక కారం తిందువు తీయ్. తొక్కు కుండ ఏడికి పోదు.”

రెండు మూడు రోజుల్లో అండాలు ఒక సంగతి కనిపెట్టింది. ఎవరైనా గది ఖాళీ చేసి వెళ్తుంటే సాయమ్మ ఉండదు. పెందలాడే లేచి దారి కోసం రొట్టెలు కట్టిస్తుంది, నీళ్లు కాస్తుంది, అన్నీ చేస్తుంది. మనిషి చెప్పులు తొడుక్కునే వేళకు మాయమవుతుంది. సాంబమూర్తి ఆఫీసుకు బయల్దేరే వేళ కూడా అంతే. ఒక రోజు అండాలు వెనక్కి వెళ్లి చూసింది. ద్రాక్ష పందిరి చాటున, రాతి కడీకి ఆనుకుని కూర్చుని ఉంది సాయమ్మ.

“అక్కా, జనం పోతుంటె నువ్వెందుకు దాక్కుంటవ్?”

“దాక్కునుడు కాదు చెల్లె, తప్పుకునుడు. మా ఆయన పోయిన ఏడే నేర్సుకున్న. ఎవలన్న అనకముందే మనమే తప్పుకుంటె, ఆ మాట చెవుల పడదు. హోటల్ పెట్టినంక ఇప్పటిదాంక ఒక్కలతోని అనిపించుకోలె. గదే నా ఇజ్జత్.”

అండాలు మనసు నెమ్మది పడింది. బిక్షమయ్య ఆపరేషన్‌కు పోయే రోజున తప్పుకొమ్మని ఇక అడగనక్కర్లేదు అనుకుంది.

“ఊకె ఇంట్లనే ఉంటవ్. ఎటన్న పోవా?”

“ఏడికి పోత? చుట్టు భూమంత మా మర్ది జనార్ధన్ ప్లాట్లు చేసి అమ్మిండు. ఈ ఇల్లొక్కటే నా చేతుల ఉన్నది. ‘బాలాపూర్ల మీ అక్క తాన ఉండు వదినా, నీకేం పరేషాన్’ అంటడు. నేను ఈ ఇంటి కడప దాటిన్నాడు ఈడ కూలగొట్టే మిషిని దిగుతది. అందుకే గణపతి పండుగకు గూడ బాలాపూర్ పోలే.”

ఆపరేషన్ సోమవారం అని చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం గటక తింటూ బిక్షమయ్య చెయ్యి ఆపాడు. ఆ రోజు అతను హాస్యమాడలేదు.

“వదినా, రేపు నేను పోయేటప్పుడు నువ్వే ఎదురు రావాలె. నీ చేతి బువ్వ తిని ఇన్ని రోజులు నిలబడ్డ. నీ ముఖం చూసి పోత.”

“తిక్క మాటలు మాట్లాడకు,” అంది సాయమ్మ. కాని ముఖం తిప్పుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి పోయింది.

అర్రలోకి వచ్చాక అండాలు గొంతు తగ్గించి అడిగింది. “గట్ల ఎందుకన్నవయ్యా?”

“మంచి మనిషి. అంటె ఏమాయె?”

“మంచిదే. నాకు తెల్వదా? నాకన్న మంచిది. అయినా…”

“నీ నాయిన రజాకార్ల చేతుల పోయిండే. మీ మేనత్త బిందె చేతుల కాదు.”

నిజమే. అతను చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. తెలిసినా భయం పోలేదు. సాయమ్మ తప్పకుండా తప్పుకుంటుంది, ఇన్నేళ్ల అలవాటు కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది.

సోమవారం పొద్దున ఆటో ఇంటి ముందుకు వచ్చింది. సాంబమూర్తి సంచి పట్టుకుని ముందు నడిచాడు. “అమ్మా, అలా కంగారు పడకండి. సాయంత్రానికి నేనూ వస్తాను.” అండాలు సందు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. ఎవరూ లేరు. ఇసుక కుప్ప మీద ఒక కుక్క నిద్రపోతోంది. బిక్షమయ్య గడప దాటాడు.

ఇంటి పక్కగా, ద్రాక్ష పందిరి వైపు నుంచి సాయమ్మ వచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తోమి మెరిపించిన ఇత్తడి చెంబు నిండా నీళ్లతో. ముఖం నిండా వెలుగు. ఇన్నేళ్ల తర్వాత ఒకరు తనను ఎదురు రమ్మన్నారు.

అండాలుకు సాయమ్మ కనిపించలేదు. చెంబు కూడా కనిపించలేదు. బిందె కనిపించింది, ఎద్దులు కనిపించాయి, ఖాళీ బండి కనిపించింది.

“ఆగు! ఎదురు రాకు! నీ కాళ్లు మొక్కుత, లోపటికి పో!”

పక్క బిల్డింగు మీద గోడ కడుతున్న మేస్త్రీలు కూడా చేతులు ఆపి చూశారు. సాయమ్మ ఆగింది. చెంబులో నీళ్లు ఒక్క చుక్క కూడా ఒలకలేదు. వచ్చిన దారినే, అంతే నెమ్మదిగా, పందిరి వెనక్కి వెళ్లిపోయింది.

“అండాలూ!” అన్నాడు బిక్షమయ్య. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతు ఆమె వినలేదు.

ఆటో మలక్‌పేట రైలు వంతెన దాటింది, చాదర్‌ఘాట్ దాటింది. అతను ఇంకో మాట మాట్లాడలేదు. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోతుంటే కూడా పైకప్పునే చూశాడు. తలుపులు మూసుకున్నాయి. అండాలు గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అతను తిరిగి రాకపోతే, అతని నోటి నుంచి తను విన్న ఆఖరి మాట కోపంతో పిలిచిన తన పేరే అవుతుంది. సాయంత్రం వస్తానన్న సాంబమూర్తి రాలేదు. అదొక భయం. హోటల్లో ఏమైందో అని ఇంకో భయం.

గడ్డ తీసేశారు. చెడ్డది కాదన్నారు. కళ్లు తెరిచాక బిక్షమయ్య అడిగిన మొదటి మాట, “వదిన ఏమన్నది?”

“ఇంటికి పోయేటప్పుడు ఆమె తానకే పోదాం,” అంది అండాలు. “కాళ్ల మీద పడ్త.” వార్డులో ఉన్నన్నాళ్లూ ఆ ఒక్క మాటే పట్టుకుని రోజులు తోసింది.

ఇంటికి పంపిన రోజున సంచి అడుగు నుంచి ధోతి తీసి ఇచ్చింది. అతను కట్టుకున్నాడు. ఏమీ జరగలేదు. ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ సందులోకి తిరిగేసరికి వాకిలి నిండా దించిన పెంకులు. పందిరి తీగలు నరికి ఒక పక్కన కుప్ప పోశారు. సాంబమూర్తి తన ట్రంకు పెట్టెను రిక్షాలోకి ఎక్కిస్తున్నాడు.

“మీరు వెళ్లిన రోజే సాయమ్మ గారు వెళ్లిపోయారండీ,” అన్నాడు, అండాలు వైపు చూడకుండా. “అందరికీ వండి పెట్టి, నాలుగు చీరలు సంచిలో పెట్టుకున్నారు. ఎందుకమ్మా అంటే, ‘అనిపించుకున్న సారూ, ఇగ ఈడ ఉండబుద్ధైత లేదు’ అన్నారు. జనార్ధన్ గారిని పిలిపించి తాళంచెవి ఆవిడే ఇచ్చారు. బాలాపూర్ దాకా నేనే దింపి వచ్చాను. అందుకే ఆ సాయంత్రం మీ దగ్గరికి రాలేకపోయాను.”

అదే ఆటోలో బాలాపూర్ వెళ్లారు. అక్క ఇంటి అరుగు మీద సాయమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. బిక్షమయ్యను చూసి లేచి, చేట పక్కన పెట్టింది.

“కొత్త ధోతి మంచిగున్నది. పాణం ఎట్లున్నది?”

“నీ దయ వదినా.”

అండాలు ఆమె కాళ్ల మీద పడింది. సాయమ్మ రెండు చేతులతో లేవదీసింది. “లే చెల్లె. నీ భయం నీది. నేను గూడ భయానికే గదా ఇన్నేండ్లు తప్పుకున్నది.”

“మరి రా అక్కా. గోడలింక ఉన్నయి. నేను మీ మర్ది కాళ్లు పట్టుకుంట.”

“కోపం లేదు చెల్లె. రాను.”

మజ్జిగ ఇచ్చింది. ఊరి సంగతులు అడిగింది. వాళ్లు బయల్దేరుదామని లేవగానే, చేట తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లిపోయింది.

అండాలు గేటు దగ్గర ఆగిపోయింది. “అక్కా! జర ఎదురు రా. నేనే పిలుస్తున్న. ఒక్కపారి రా!”

వెనక నుంచి చేట చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆటో అతను హారన్ కొట్టేదాకా నిలబడి, అండాలు ఆ ఖాళీ దారి వైపే చూసింది.

బిక్షమయ్య ఆ సాయంత్రం తన ఇంటికి తిరిగి వచ్చాడు. సాయమ్మ తన ఇంటికి మళ్లీ రాలేదు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో గడప దాటింది పంతొమ్మిది వందల ఎనభై మూడు, కార్తీక మాసం, మొదటి సోమవారం.