పెట్టని ఒట్టు

నీలమ్మను అట్టపెట్టె మీద మోసుకొచ్చారు. మంచం లేదు, దుప్పటి లేదు. గులాబీలు పట్నానికి పంపే పెట్టెను చించి పరిచి, దాని మీద పిల్లను వేసి, నాలుగు మూలలా పట్టుకొని ఆడవాళ్లే బయటికి పరుగెత్తారు. ఆ అట్ట మీద రంగురంగుల అక్షరాలతో ‘మహిళా దినోత్సవ శుభాకాంక్షలు’ అని ఉంది. తలవైపు పట్టుకున్న ముడిమ్యాల రాములమ్మకు చదువు రాదు. రాకపోవడమే మేలైంది. ఆ పూట అది చదివి ఉంటే ఏం చేసేదో!

చేవెళ్ల దారిలో హిమాయత్‌నగర్ అనే ఊరి దగ్గర ఉదయ్‌భాస్కర్ సేటుకు పాలీహౌస్ ఉంది. చేవెళ్లలో ఎరువుల దుకాణంతో లేచిన కుటుంబం. ఇప్పుడు తెల్లటి ప్లాస్టిక్ కప్పు కింద కనుచూపు మేర గులాబీలే. ముడిమ్యాల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు ఆ పూలు కోస్తారు, ముళ్లు గీస్తారు, కట్టలు కడతారు. తలుపు తెరిచి ఉంటే పురుగు వస్తుందని మేస్త్రి జైపాల్ వాళ్లను లోపలికి తోలి బయట గొళ్లెం పెడతాడు. పురుగు పేరు ఊరికే. తెరిచి ఉంటే ఆడవాళ్లు నీళ్లకనో, ఒంటికనో బయటికి పోతారు, పని ఆగుతుంది. అందుకే వాళ్లు పనికి వచ్చే పొద్దున నీళ్లు తాగడమే మానేశారు. ఇదేం బతుకమ్మా అని అడిగిన నాథుడు లేడు.

మందు కొట్టిన రోజు లోపలికి పోకూడదు. సేటుకు తెలియనిదా? ఆ మందు అమ్మేదే ఆయన! కానీ ఈలోపు ప్రపంచమంతా ఆడవాళ్ల పండుగ వచ్చిపడింది. పట్నంలో ఆఫీసుల్లో, కాలేజీల్లో ప్రతి ఆడమనిషి చేతిలో ఒక గులాబీ పెట్టి, మీకు సమాన హక్కులున్నాయని చెప్పాలట. పెద్ద ఆర్డరు. పొద్దున మందు కొట్టించి, ఆకుల మీద తడి ఆరకముందే ఆడవాళ్లను తోలి గొళ్లెం వేశాడు జైపాల్.

నీలమ్మ మొదట కళ్లు మండుతున్నాయంది. తర్వాత వాంతి చేసుకుంది. రాములమ్మ తలుపు బాదింది.

“జైపాలన్నా! ఓ జైపాలన్నా! జర గొళ్లెం తియ్యే, పిల్ల పడిపోయింది!”

అందరూ బాదారు. జైపాల్ రోడ్డు మీద బండికి పెట్టెలు ఎక్కిస్తున్నాడు. వినలేదో, విననట్టు ఉన్నాడో. వచ్చి తీసేసరికి నీలమ్మ నోట నురగ. దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉంది. ‘నా ఎంబడి రా బిడ్డా, నేనుంట గదా’ అని ఆమెను ఈ పనికి తోలుకొచ్చింది రాములమ్మే.

దవాఖానలో ఎండదెబ్బ అని రాశారు. మార్చి మొదట్లో, కప్పు కింద, ఎండదెబ్బ!

మట్టిచేసి వచ్చిన సాయంత్రమే పోచమ్మ గుడి ముందు ఆడవాళ్లంతా కూడారు. ఏడుపులు అయ్యాక మాటలు మొదలయ్యాయి.

“గొళ్లెం తీసెయ్యాలె. గది ఉన్నన్ని దినాలు మనం లోపటికి పోవద్దు,” అంది రాములమ్మ.

“పోకపోతే ఎట్ల గడుస్తది అవ్వా?” అంది ప్రగతి. ఇంటర్ మధ్యలో ఆపి పనికొస్తున్న పిల్ల.

“పోతే ఎట్ల గడిచిందో సూస్తివి గద! ఇంకెవరిని మోసుకొస్తం? నిన్నా, నన్నా?”

“మందు కొట్టిననాడు తోలొద్దనాలె.”

“ఒంటికి పోనీకె ఓ జాగ జూపియ్యాలె. మేం మనుషులం కామా?”

గట్టిగానే మాట్లాడుకున్నారు. అయితే ఆ ఊళ్లో మాట అనుకుంటే సరిపోదు, ఒట్టు పడాలి. పోచమ్మ ముందు పసుపు చేతబట్టి ఒక్కొక్కరూ ఒట్టు పెట్టారు. ఎస్తేరు మాత్రం చేయి చాపలేదు. మొగుడు పోయిన మనిషి, ఆదివారం ప్రార్థనకు పోతుంది.

“ఒట్టు పెట్టొద్దని మా గ్రంథంల ఉన్నది అక్కా. నేను పోనంటే పోను. గంతే.”

“ఒట్టు పెట్టనిదాన్ని నమ్ముడెట్ల?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

రాములమ్మకు కూడా అదే అనిపించింది. “గట్లయితే నువ్వు మాతోని కలువకు ఎస్తేరు. ఇంటికి పో.”

ఎస్తేరు చెప్పులు వేసుకొని తన వాడకు వెళ్లిపోయింది. చూశారా తెలివి! గొళ్లెం పెట్టేవాడిని ఏమీ అనలేక, తమతో పాటు ఆ తలుపు బాదిన మనిషిని వెళ్లగొట్టారు.

మర్నాడు ఆటోలు వచ్చాయి, ఎవరూ ఎక్కలేదు. రోడ్డు పక్కన వరుసగా కూర్చున్నారు. జైపాల్ బండి దిగి అటూ ఇటూ చూశాడు.

“మీ మొగోళ్లు ఏరి?”

“మాతోని మాట్లాడు. పనికొచ్చేది మేము,” అంది రాములమ్మ.

“ఆడోళ్లతోని నాకేం మాటలు?” అని అతను తిరిగి బండెక్కాడు.

ఆ మధ్యాహ్నం సేటు మగవాళ్లను చేవెళ్ల గోదాముకు పిలిపించాడు. యాటకూర పెట్టాడు, సీసాలు తెరిచాడు. యూరియా కోసం రైతులు వరుసలో చెప్పులు పెట్టి పడిగాపులు కాసే రోజులివి. తిన్నాక నవ్వుతూ అన్నాడట: “మీకు యూరియా ఫికర్ లేదు, నేనున్న. కాని మీ ఇంట్ల ఆడోళ్లకు మీరు చెప్పుకోలేరా? గట్లయితే నేనేం జేస్త చెప్పుండ్రి.”

రాములమ్మ పెనిమిటి భిక్షం కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. వచ్చి గడపలో కూలబడి బతిమాలాడు. అది ఇంకా కష్టం.

“పంట మొత్తం ఎర్రబడుతున్నదే. యూరియా దొరకకపోతే ఏం తింటం?”

“నీలమ్మ సచ్చిపోయిందయ్యా.”

“సచ్చిపోయింది. నువ్వు కూసుంటే లేచొస్తదా?”

“ఒట్టు పెట్టిన. పోచమ్మ మీద.”

“గదెంత! నేను తీసేస్త.”

అదీ అక్కడి పద్ధతి. ఆడదాని ఒట్టు మొగుడు తీసేయవచ్చు. ఆమె పేరు చెప్పి టెంకాయ కొట్టి, ‘తల్లీ, మా ఆడది తెలువక పెట్టింది, తీసేస్తున్న’ అంటే చాలు, ఒట్టు పోయినట్టే. మరి మొగుడు పెట్టిన ఒట్టు పెళ్లాం తీయవచ్చునా అని ఎవరూ ఏనాడూ అడగలేదు. పొద్దు గూకే లోపల పోచమ్మ ముందు టెంకాయ మీద టెంకాయ పగిలింది. పసుపు పట్టిన చేతులు పక్కన వేలాడేసుకొని ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు. పెళ్లి కాని ప్రగతి ఒట్టు వాళ్ల బాపు తీశాడు.

తెల్లారి మళ్లీ ఆటోలు నిండాయి. దారి పొడుగునా ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. పాలీహౌస్ గేటు దగ్గర ఆటో ఆగింది. అడ్డంగా ఒక్కతే కూర్చుని ఉంది ఎస్తేరు.

నిన్నటి నుంచీ ఆమె అక్కడే కూర్చుందట! ఊళ్లో తనను కలుపుకోరు గనుక నేరుగా ఇక్కడికే వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరైనా కనుక్కుంటే కదా.

“అక్కా, గొళ్లెం ఇంక అట్లనే ఉన్నది,” అంది.

రాములమ్మ తల ఎత్తలేకపోయింది. “మా ఒట్టు తీసేసిండ్రు ఎస్తేరు.”

“నాది తీసేటందుకు లేదు అక్కా. నేను పెట్టలేదు.”

రాములమ్మ పక్కనుంచి చీర కుచ్చిళ్లు ఎత్తుకొని నడిచింది. ఆమె వెనక మిగతావాళ్లు నడిచారు. లోపల మందు వాసన ఇంకా ఘాటుగానే ఉంది. వెనక గొళ్లెం పడింది.

కాసేపటికి పోలీసు జీపు వచ్చిన చప్పుడైంది. ప్లాస్టిక్ గోడ అవతల ఏదీ సరిగా కనిపించదు. నలుగురైదుగురు చుట్టూ చేరినట్టు, నడుమ ఒక నీడను పైకి లాగినట్టు కనిపించింది. ఎస్తేరు అరుపు మాత్రం స్పష్టంగా వినిపించింది. రాములమ్మ తలుపు బాదింది.

“జైపాలన్నా! గొళ్లెం తియ్యి! ఆమెనేం చేస్తున్నరు?”

మొన్న బాదినట్టే బాదింది. మొన్నటిలాగే ఎవరూ రాలేదు. తన గొంతు తనకే వినిపించి ఆమెకు ఒళ్లంతా మంట పుట్టింది. థూ, ఇంకెన్నిసార్లు అన్నా అన్నా అని వీని తలుపు కొట్టాలి!

చేతిలో పూలు కోసే కత్తెర ఉంది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ప్లాస్టిక్ గోడలో దించి కిందికి లాగింది. బర్రున చిరిగింది. పక్క వరుసలో ప్రగతి కూడా దించింది. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కోశారో లెక్క లేదు. చల్లటి గాలి ఒక్కసారి లోపలికి కొట్టింది. ఆడవాళ్లు ఆ చిరుగుల్లోంచి బయటికి వచ్చి, ఎస్తేరు చెప్పులు పడి ఉన్న చోటే కూర్చున్నారు. జీపు మళ్లీ రావలసి వచ్చింది. ఈసారి వెనక వ్యాను కూడా వచ్చింది.

గెలిచారా అని అడగకండి. గెలవలేదు. అందరినీ ఠాణాకు ఎక్కించుకుపోయి కేసు రాశారు. సాయంత్రానికి సేటు కొత్త ప్లాస్టిక్ తెప్పించాడు. ఠాణా కిటికీలోంచి చూస్తుండగానే రోడ్డు మీద ఒక డీసీఎం లారీ పోయింది, ముఖాలకు కొంగులు చుట్టుకున్న వేరే ఊరి ఆడవాళ్లతో నిండుగా. హిమాయత్‌నగర్ వైపే మళ్లింది. నీలమ్మ సంగతి వాళ్లకు ఎవరు చెబుతారు? రాములమ్మ కిటికీ ఊచలు పట్టుకొని ఓ అక్కా, ఓ అక్కా అని అరిచింది. బండి హోరులో అది ఎవరికీ వినపడలేదు.

“మొగోళ్లు వచ్చి సంతకం పెట్టి ఎవరి ఆడోళ్లను వాళ్లు తీసుకపోండ్రి,” అన్నాడు ఎస్సై. “మళ్ల అటు లొల్లికి పోము అని రాసిస్తే ఇడుస్త.”

భిక్షం అందరికంటే ముందే వచ్చాడు. చేతిలో పెన్ను ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పాపం ఏడ్చినట్టున్నాడు.

“లెవ్వే, ఇంటికి పోదాం. జరిగిందేదో జరిగింది. నీ తరఫున నేను మాటిచ్చి వచ్చిన.”

రాములమ్మ లేవలేదు.

“ఈపాలి నేను ఒట్టేం పెట్టలేదయ్యా,” అంది. “ఏం తీసేస్తవ్?”

గోడ పక్కన ఎస్తేరు వాచిన చేతిని ఒడిలో పెట్టుకొని కొంచెం జరిగింది. రాములమ్మ ఆ చోట్లోకి జరిగి కూర్చుంది. లేచి బయటికి నడిచిన ఆడది ఒక్కతీ లేదు.