సంచి వెనకవైపు

సంతోషి నోటి మాట ఇబ్రహీంపట్నంలో కిలోల లెక్కన అమ్ముడుపోయేది.

సాగర్ రోడ్డు మీద, బస్సు డిపో దాటగానే ఆమె దాణా దుకాణం. మొదట్లో బర్రెల దాణా, కోళ్ల దాణా మాత్రమే అమ్మేది. చుట్టూ ప్లాట్ల వెంచర్లు లేచి, ప్రతి వెంచరుకూ ఒక కాపలాదారు, ప్రతి కాపలాదారుకూ ఒక కుక్క వచ్చాక కుక్కల తిండి కూడా తెప్పించసాగింది. పెద్ద సంచిని మొత్తంగా కొనేవాళ్లు అక్కడ లేరు. కిలో, అరకిలో. సంచి మూతి దారం లాగి, డబ్బాతో ముంచి, ఏ రాతా లేని తెల్ల కవరులో పోసి ఇవ్వడం ఆమె పద్ధతి. అందువల్ల కొన్నవారి చేతికి తిండి చేరేది గాని, దాని మీది రాత చేరేది కాదు. రాతకు బదులు సంతోషి ఉండేది.

"ఇందుల కోడికూర ఉన్నదా అక్కా?"

"ఉన్నది. నా జబాన్."

ఆమె మాట ఇచ్చిందంటే అంతటితో బేరం కుదిరేది.

ఆ మాటకు ఆమెకూ ఒక ఆధారం ఉంది. గోడకు ఆనించి పేర్చిన సంచుల మీద ఆవిరి కక్కే కోడి తొడ, నిగనిగలాడే కుక్క, వాటి మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో నిజమైన కోడిమాంసంతో చేసినదన్న మాట. బొమ్మ దుకాణంలోకి చూసేది, వెనకవైపు గోడను చూసేది. గోడ వైపు ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు కూడా.

ఆ వారం సంతోషికి కాలు నిలవలేదు. కంపెనీ తరఫున మీర్‌పేట్ నుంచి వచ్చే ఏజెంటు రమాకాంత్ ఆమెను మండలం మొత్తానికి డీలరును చేస్తానన్నాడు. అంగడి రోజున టెంటు వేసి, మైకు పెట్టి, బోర్డు ఎక్కిస్తామన్నాడు. బోర్డు మీద ఆమె పేరు. డిపోలో కండక్టర్లకు చెప్పింది, చాయ్ బండి దగ్గర చెప్పింది, పక్కనే టైర్ల దుకాణం నడిపే భూపాల్‌కు రెండుసార్లు చెప్పింది.

"ఫొటో గూడ ఏస్తరా అక్కా?" అన్నాడు భూపాల్.

"ఏస్తరు."

"కుక్క పక్కనా, కోడి పక్కనా?"

"నీ పక్కనైతే కాదు. పో, గాలి కొట్టుకో పో!"

ఆ సంబరంలో ఒక్క ముల్లు మాత్రం ఉంది. గొర్ల కాపరి అంజిలయ్య కుక్క చుక్కి ఈనింది. సంతోషి మాట మీద ఆయన గుడ్లు, పాలు, జొన్న గటక మానిపించి ఈ తిండే పెడుతున్నాడు.

"పాలు వడ్తలేవు బిడ్డా. పిల్లలు గుంజి గుంజి ఏడుస్తున్నయి."

"జర ఎక్కువ పెట్టు బాపు. కోడికూర ఉన్నది గదా."

ఆయన తల ఊపి ఇంకో కవరు పట్టుకుపోయాడు. ఆ తల ఊపు ఆమెకు నచ్చింది. తన మాటను అంత తేలికగా మోసుకుపోయే మనిషి ఉండడం ఎవరికి నచ్చదు?

బోర్డు ఎక్కడానికి ముందురోజు మధ్యాహ్నం లాల్ బీని పిలవడానికి వెళ్లింది. దుకాణం వెనక గల్లీలో ఆమె ఇల్లు. ఖాళీ అయిన సంచులన్నీ సంతోషి ఆమెకే ఇస్తుంది, ఆమె వాటిని విప్పి, కలిపి కుట్టి, మేకల పాకకు పరదా కడుతుంది. లాల్ బీ వరండాలో నమాజు చేసుకుంటోంది. సంతోషి చప్పుడు చేయకుండా ఓ మూల కూర్చుంది. ఎదురుగా, పడమటి దిక్కున, పాక. పాకకు కొత్త పరదా. కుక్కలు కనిపించాల్సిన చోట అన్నీ అక్షరాలే.

నమాజు ముగించి లాల్ బీ చాప మడిచింది.

"ఇదేందమ్మా, బొమ్మలన్నీ లోపలికి పోయినయి?"

"నమాజుకు నిలబడితే కండ్ల ముంగట కుక్క మూతి ఉండొద్దు గదా బేటీ. అందుకే తిప్పి కుట్టిన. మేకలకేం ఫికర్ లేదు, కుక్కను చూసుకుంటనే నెమరేస్తున్నయి."

సంతోషి నవ్వబోయింది. పరదా మీది అక్షరాల మీద కళ్లు పడి నవ్వు సగంలోనే ఆగింది. డిగ్రీ మధ్యలో మానేసిన చదువు, ఇంగ్లీషును కూడబలుక్కుని చదువుతుంది. మొక్కజొన్న. తవుడు. సోయా పిండి. ఉప్పు. రంగు. అన్నిటి చివర, కోడిమాంసపు వాసన. దాని కింద ఇంకా సన్నగా, ముందువైపు బొమ్మ కేవలం ఊహాచిత్రం.

లేచి పరదా దగ్గరికి వెళ్లింది. పక్క సంచి చదివింది. అదే. దాని పక్కది. అదే. ఒక మనిషి ఎదురుగా నిలబడి, ఎన్నిసార్లు అడిగినా ఒకే నిజం చెబుతున్నట్టుంది.

"ఏమైంది బేటీ? మొకం గట్ల అయింది?"

"ఇందుల కోడి లేదమ్మా. కోడి వాసన ఉన్నది."

"వాసనకు కడుపు నిండుతదా?"

సంతోషి ఆ చివరి మాటనే మళ్లీ చదివింది. 'ఉన్నది' అన్న ప్రతిసారీ తాను అబద్ధమాడిందా? తెలియక అన్నది. కాని తెలియదని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆ రెంటి నడుమ ఉన్న ఇరుకు జాగాలోనే తన దుకాణం లేచిందని ఆమెకు ఒక్కసారిగా కనిపించింది. ఆశ్చర్యంగా ఆమెకు ఏడుపు రాలేదు. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న తలుపు చేతికి తగిలినట్టు ఒళ్లంతా చురుకు పుట్టింది.

అక్కడి నుంచే ఫోన్లు మొదలుపెట్టింది. తిండి కల్తీ చూసేవాళ్లు, "మాది మనుషుల తిండి అమ్మా, కుక్కలది కాదు" అన్నారు. పశువుల దవాఖానలో, "మందులైతే మేం చూస్తం. సంచి మీది రాత మా పని కాదు" అన్నారు. చుక్కి సంగతి చెబితే మాత్రం డాక్టరు కంగారు పడ్డాడు. "గుడ్లు, పాలు మళ్ల మొదలు పెట్టమనండి, తల్లిని పిల్లల్ని ఒకసారి తీసుకరమ్మనండి." తూనికలు కొలతల వాళ్లు ఓపికగా అడిగారు. బరువు సరిపోయిందా? ధర ఉందా? తేదీ, చిరునామా? అన్నీ ఉన్నాయి. "మరి కోడి ఉన్నదా లేదా అంటే... రాసియ్యండి, పైకి పంపుతం." రాసి పంపింది. పంపాక ఆలోచించింది. సంచి బరువు చూసేవారున్నారు, తేదీ చూసేవారున్నారు. కోడి మాత్రం ఎవరిదీ కాదు.

అంగడి రోజు పొద్దున టెంటు లేచింది. మైకు గరగరలాడింది. గుడ్డ కప్పిన బోర్డు వ్యానుకు ఆనించి ఉంది. కుక్కలను పట్టుకుని కాపలాదారులు, కాలనీల వాళ్లు వచ్చారు. ముందు వరుసలో తాడు పట్టుకుని అంజిలయ్య, ఆయన కాళ్ల దగ్గర డొక్కలు లోపలికి పోయిన చుక్కి.

సంతోషి రమాకాంత్‌ను లోపలికి పిలిచి సంచి వెనకవైపు చూపించింది. అతను నవ్వాడు.

"ఎవరు సదువుతరక్కా? ఇన్ని దినాలు నువ్వే సదవలే."

ఆమె సంచిని అతని ముందుకు జరిపింది.

"మేం ఏమన్న దాచినమా? ఎనక రాసినం గదా. ఏ ఆఫీసుకన్న పో, మమ్ముల అడిగే హక్కు, అక్తియార్ ఎవ్వరికీ లేదు. నీ పేరుతోని బోర్డు తయారున్నది. మైకుల ఒక్క మాట అను, కోడి ఉన్నదని. అయిపాయె."

అతని మాటలో ఒక నిజం ఉంది, అదే ఆమెను గుచ్చింది. వాళ్లు రాశారు. ఆ రాతను గోడ వైపు తిప్పి పేర్చింది తాను.

బయటికి వచ్చి మైకు అందుకుంది. ఈతకు చెరువులోకి దూకబోయే క్షణంలో అరికాళ్లలో పుట్టే జివ్వుమనే సంతోషం ఆమెలో పుట్టింది.

"భూపాలన్నా, గా సంచి జర ఇవతలికి తిప్పు."

భూపాల్ తిప్పాడు. సంతోషి చదివింది. ఒక్కో మాట ఇంగ్లీషులో కూడబలికి, వెంటనే తెలుగులో చెప్పింది. మొక్కజొన్న. తవుడు. సోయా పిండి.

"ఆగాగు!" అని భూపాల్ అరిచాడు. "గిది మా ఇంట్ల కోళ్లకేసే దాణా గదా! గందుకే కోడి బొమ్మ ఏసిండ్రు. తినేది కోడే గదా!"

టెంటు కింద నవ్వు పేలింది. కుక్కలు బెదిరి మొరిగాయి. రమాకాంత్ మైకు కోసం చేయి చాచాడు. సంతోషి వెనక్కి జరిగింది.

"ఇందుల కోడి లేదు. వాసన ఉన్నది. ఉన్నదని మీకు చెప్పింది కంపెనీ కాదు, నేను. సదవకుంట చెప్పిన."

నవ్వు ఆగిపోయింది. అంజిలయ్య కళ్లు చికిలించి ఆమెనే చూశాడు.

"మరి నా చుక్కికేం పెట్టాలె బిడ్డా?"

అలవాటు కొద్దీ జవాబు నాలుక చివరికి వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"గుడ్లు, పాలు మళ్ల పెట్టుమన్నరు దవాఖానల. తల్లిని, పిల్లలను తీసుకొని రమ్మన్నరు. అంతకు మించి నాకు తెల్వదు బాపు."

"తెల్వదా?"

"తెల్వదు."

ఆయన వంగి చుక్కి వీపు నిమిరాడు. "మంచిది. పిల్లలను మోసుకపోనీకి ఒక తట్ట ఇయ్యి."

తట్ట ఇచ్చింది. ఆయన చుక్కిని నడిపించుకుంటూ వెళ్లిపోయాడు, నమ్మాడో కోపగించుకున్నాడో తెలియనివ్వకుండా. రమాకాంత్ బోర్డును గుడ్డ తియ్యకుండానే వ్యానులోకి ఎక్కించాడు. "ఈ రోడ్డు మీద ఇంకో దుకాణం దొరకదా అక్కా?" అన్నాడు. దొరుకుతుంది. అది ఆమెకూ తెలుసు.

జనం కదలలేదు. వెనక నుంచి, నాలుగు బర్రెలు సాకే యశోదమ్మ చేయెత్తింది.

"కుక్కల ముచ్చట సరే. గా బర్రె దాణా ఎనక ఏం రాసిండ్రే?"

సంతోషి వెనక్కి తిరిగింది. గోడ నిండా సంచులు. అన్నీ బొమ్మ ఇటు, రాత అటు. వాటిలో ఒక్కటీ చదవలేదు.

"అది గూడ తెల్వదు పెద్దమ్మా."

"అయితే తిప్పు! సూస్తవేంది?"

ఇక ఎవరూ ఆగలేదు. యశోదమ్మ కొంగు నడుముకు చెక్కింది. భూపాల్ ఒక మూల పట్టాడు, కాపలాదారులు ఇంకో మూల పట్టారు. "కోళ్లది ముంగట!" అని ఒకరు, "నోరుమూయి, బర్రెలది ముంగట!" అని ఇంకొకరు. గోడ నుంచి సంచులు ఊడిపడుతుంటే తవుడు దుమ్ము పైకి లేచి టెంటును కమ్మింది. దగ్గులు, తుమ్ములు, మైకులో అన్నీ రెండింతలై వినిపించాయి. ఏ సంచి తన దుకాణాన్ని ముంచుతుందో, ఏది నిలబెడుతుందో సంతోషికి తెలియదు. తెలియకపోవడం ఇంత తేలికగా ఉంటుందని, గుండెను ఇంత గట్టిగా కొట్టించగలదని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మొదటి సంచి ఆమె ముందు వచ్చి పడింది. మోకాళ్ల మీద కూర్చుని, దుమ్ము తుడిచి, పై వరుస మీద వేలు పెట్టింది.

"లొల్లి చెయ్యకుండ్రి," అంది మైకులో. "సదువుతున్న."