ఏడు గంటల కొలత

మిల్లు కాపలాదారు నవ్వుతూ నోరు జారకపోతే నాకు ఇంకో రెండేళ్లయినా తెలిసేది కాదు.

ఆ పొద్దున సైకిలు చైను ఊడింది. నది నీళ్లు కొలిచేసి, వంతెన పక్కనే ఉన్న అద్దకం మిల్లు గేటు ముందు గొంతుక్కూర్చుని, చేతులకు మసి పూసుకుంటూ దాన్ని ఎక్కిస్తున్నాను.

"ఏమ్మా ఏడుగంటల పిల్లా, ఇంకా కదల్లేదా? నువ్వు వెళ్తే గానీ మావాళ్లు వాల్వు తిప్పరు. లోపల తొట్లు నిండిపోయాయని ఒకటే గోల."

"మీ వాల్వుకీ నాకూ ఏంటి బాబాయ్ సంబంధం?"

"భలేదానివే! రెండేళ్లుగా నీ సైకిలే కదా మాకు సైరను!"

అతనికది సరదా కబురు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా పని చిన్నది. రోజూ ఏడింటికి వంతెన నడిమి నుంచి తాడుతో బకెట్ దించి, నీళ్లు తోడి, అందులో మీటరు కడ్డీ ముంచాలి. అంకె ఎంత పెద్దదైతే నీళ్లలో ఉప్పు అంత ఎక్కువ. పదిహేను వందలు దాటితే పొలాల కాలువ తలుపు ఎత్తకూడదు. నా చేతి మీద ఒక్కసారీ వెయ్యి దాటలేదు. నేను ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు. నన్ను చూసి నేర్చుకోమని మా నీటిపారుదల ఆఫీసులో అందరికీ చెప్పేవారు.

కిందటి పంటకు నాన్న పోసిన ఉల్లినారు కొసలు మాడి, మడి మొత్తం పోయింది. "నీళ్లకేం, మా అమ్మాయి కొలిచిన నీళ్లు" అని ఆయన విత్తనాల కొట్టతని మీదికి పోట్లాటకు వెళ్లాడు. ఇప్పుడు మళ్లీ పోశాడు. మొలకలు వేలెడెత్తున ఉన్నాయి. ఆ సాయంత్రం నాలుగింటికే కాలువ వదులుతారు.

కాపలాదారుకు కనబడేలా సైకిలెక్కి, మలుపు తిరిగాక దిగాను. పది నిమిషాలు కాలేదు, మిల్లు గొట్టంలోంచి నదిలోకి నీళ్లు దూకాయి. తేటగా ఉన్నాయి. రంగు కంటికి కనబడుతుంది గనక తీసేస్తారు. అద్దకంలో వాడిన ఉప్పు కనబడదు గనక వదిలేస్తారు. నడుచుకుంటూ వంతెన మీదికి వెళ్లి మళ్లీ బకెట్ దించాను. మూడు వేల నూట నలభై.

"మీటరు చెడిపోయుంటుందమ్మా" అన్నాడు ఆఫీసులో మా ఇంజనీరు, ఫైల్లోంచి తలెత్తకుండా.

మీటరు సరిచూసే ద్రావణం సీసా తీసి, కడ్డీ కడిగి, ఆయన బల్ల మీదే ముంచాను. 1413 చూపాలి. 1413 చూపింది.

"సరే, బాగానే ఉంది. నన్నేం చేయమంటావ్? ఫారంలో ఏడు గంటల గడి ఒక్కటే ఉంది. అందులో నువ్వే ఏడువందల తొంభై రాశావు. ఆ అంకెతో చీటీ కాలువ లాకుల దగ్గరికి వెళ్లిపోయింది."

"ఏడింటికే ఎందుకు సార్?"

"నువ్వు పుట్టకముందు నుంచీ అంతే."

"మిగతా రోజంతా నది పారదా సార్?"

"గొంతు తగ్గించు. టీ తాగుతావా?"

తాగనన్నాను. ఆయన మీద కోపం కొంత. రెండేళ్లు గడియారంలా తిరిగి, దాన్నే మంచి పని అనుకున్న నా మీద ఇంకా ఎక్కువ.

నేను వెళ్లేసరికి లాకుల దగ్గర పదిమంది రైతులు పారలతో నిలబడి ఉన్నారు. ముందు మా నాన్న. తలుపులెత్తే లస్కరు తాత అప్పుడే ఇరుసుకు హ్యాండిల్ తగిలిస్తున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా తలుపు ముందు నీళ్లు తోడి, కడ్డీ ముంచాను. రెండు వేల ఎనిమిది వందల అరవై.

నాన్న ఒంగి చూశాడు. "మరి పొద్దున నువ్వు రాసింది?"

"అదీ నిజమే నాన్నా. నేను వెళ్లేదాకా ఆగి, ఆ తర్వాత వదులుతారు. రెండేళ్ల నుంచీ."

ఆయన అరిచినా బాగుండేది. పార నేలకు గుచ్చి, "ఆ కొట్టతని చొక్కా పట్టుకున్నానే నేను" అన్నాడు.

"నాకు ఆఫీసు చీటీయే లెక్కమ్మా" అన్నాడు తాత.

ఆ చీటీ తీసుకుని వెనక రాశాను: నాలుగు గంటలు, 2860. కింద నా సంతకం.

"నీ సంతకం చెల్లదు తల్లీ."

"తెలుసు తాతా. దీని కింద మీ సంతకం కూడా పెట్టి, అప్పుడు ఎత్తండి."

తాత అంకె చూశాడు, పారలు చూశాడు. హ్యాండిల్ ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. "నాకు నడుం పట్టేసింది. ఇవాళ తిప్పలేను."

"నడుం నొప్పిని ఏ గడిలో రాస్తారో!" అన్నారెవరో వెనకనుంచి. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఏడింటికి వంతెన మీదికి వెళ్లాను. సైకిలు రెయిలింగుకు ఆనించి, బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాను. కాపలాదారు గేటులోంచి చూశాడు. ఎనిమిదైంది. లోపలినుంచి ఇంకెవరో వచ్చి చూసి వెళ్లారు. తొమ్మిదైంది.

"కొలుచుకుని వెళ్లమ్మా! తొట్లు పొంగుతున్నాయి!" అని కేకేశాడు కాపలాదారు.

"పొంగనీ బాబాయ్," అన్నాను. "నాకు ఇవాళ తొందరేం లేదు."