ఆవిడ గొంతు తగ్గించిన చోట

కోతమిల్లు మేస్త్రికి చెవులు పోయాయని వీధంతటికీ తెలుసు, ఆయనకి తప్ప. "నా చెవులు నిక్షేపంలా ఉన్నాయి. జనానికే నోళ్లు పెగలడం లేదు," అనేవాడు. చెవిలో మిషను పెట్టుకోమన్న డాక్టరు గడప మళ్లీ తొక్కలేదు.

భార్య పోయాక ఆవిడ గొంతు ఒక్కటే మిగిలింది. ఒక మధ్యాహ్నం తల్లి చెప్తుంటే కూతురు ఫోనులో రికార్డు చేసిన కబుర్లు అవి. వేలెడంత పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది. పాత స్పీకరులో పెడితే దుప్పట్లో దూరి మాట్లాడినట్టుండేది. చివర్లో ఆవిడ ఏదో అంటుంది, ఆ ముక్క మాత్రం ఎంత చెవొగ్గినా దొరకదు. కూతుర్ని అడగొచ్చు. అడిగితే చెవులు పోయాయని ఒప్పుకున్నట్టే. అందుకని తప్పు స్పీకరుదేనని తేల్చి, కొత్తది కొనడానికి బయల్దేరాడు.

దుకాణంవాడు చిన్నవీ, పెద్దవీ, చెక్కపెట్టెలవీ ఒక్కొక్కటే పాడించాడు. మేస్త్రి పెన్‌డ్రైవు జేబులోంచి తీయలేదు. ఆవిడ గొంతు వీడు వినడమేమిటి?

"అన్నీ గొణుగుడే. నువ్వూ గొణుగుతావేం?"

"ట్రెబుల్ పెంచమంటారా పెద్దాయనా?" దుకాణంవాడు అరిచాడు. సన్నటి చప్పుళ్లని పైకి తెచ్చే మీటని చివరికంటా తిప్పాడు. పక్కన టీవీలు చూస్తున్న ఒకామె చెవులు మూసుకుని బయటికి నడిచింది. మేస్త్రి మొహం విచ్చుకుంది.

"ఇదీ! ఇది కట్టు."

ఆదివారం కూతుర్నీ, బావమరిదినీ పిలిపించి కూర్చోబెట్టాడు. చివరి ముక్క ఇంకా చిక్కలేదు. వీళ్లు వింటుంటే, ఆ మొహాలు చూసైనా పట్టుకోవచ్చనుకున్నాడు. మీట నొక్కాడు.

బావమరిది కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "బావా! ఇది మా అక్క గొంతా, నీ రంపం గొంతా?"

"నీ చెవులకి నాణ్యం తెలిసి ఏడిస్తేగా!"

"నాన్నా, తల పగిలిపోతోంది," అంటూ కూతురు లేచి మీట వెనక్కి తిప్పింది. మేస్త్రికి గొంతు మళ్లీ దుప్పట్లోకి వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ ముందుకి వంగారు.

ఏ కథో ఆయనకి తెలుసు గానీ మాటలు అందడం లేదు. పెళ్లయిన కొత్తలో ఆయన మిల్లునుంచి ఒళ్లంతా రంపపు పొట్టుతో వచ్చిన కథ అది. బావమరిది తొడ చరుచుకుని నవ్వాడు.

"ఏమంది?"

"మీసాలు తెల్లగా ఉంటే పిండి అనుకుందట బావా! రొట్టెల బట్టీవాడికిచ్చి చేశారని ఏడ్చిందట!"

మేస్త్రి నవ్వబోయేసరికి వాళ్లు నవ్వడం అయిపోయింది. కూతురు కొంగుతో కళ్లొత్తుకుంటోంది. బావమరిది నేలకేసి చూస్తున్నాడు. చివరి ముక్క వచ్చి వెళ్లిపోయిందని ఆయనకి అర్థమైంది.

"ఏమంది?"

"ఏం లేదులే నాన్నా."

"ఏం లేనిదానికి ఏడుస్తారటే? నా పెళ్లాం మాట మీరిద్దరూ పంచుకుని, నాకు ఏం లేదా?"

కూతురు దగ్గరికొచ్చి ఆయన చెవిలో నోరు పెట్టి, వీధి చివరికి వినబడేలా అరిచింది.

"'మెల్లగా నవ్వవే, మీ నాన్న పడుకున్నారు!' అంది అమ్మ నాతో!"

మేస్త్రి లేచి స్పీకరు ఆపేశాడు. ఉండి వంట చేసి పెడతానంది కూతురు. వద్దన్నాడు. నా దగ్గర నాలుగు రోజులుండు బావా అన్నాడు బావమరిది. దానికీ వద్దన్నాడు.

మర్నాడు కొత్త స్పీకరు దుకాణంలో తిరిగిచ్చేసి, తలకి తగిలించుకునే హెడ్‌ఫోన్లు అడిగాడు.

"వీటితో మీ ఒక్కరికే వినబడుతుంది పెద్దాయనా!"

"ఇంకెవరున్నారక్కడ?"

ఇంటికొచ్చి వాటిని పాత స్పీకరుకి కలిపి, తలకి తగిలించుకుని, ట్రెబుల్ చివరికంటా తిప్పి, తలుపు వేసుకుని కూర్చున్నాడు. పొట్టు వచ్చింది, మీసాలు వచ్చాయి, కూతురి నవ్వు సూదిలా వచ్చింది. తర్వాత ఒక ఊపిరి వచ్చింది. మాట రాలేదు.

మిల్లు హోరు చెవుల్లో నింపుకుని వచ్చే మొగుడితో కాపురమంతా అరిచి అరిచి మాట్లాడిన మనిషి. గొంతు తగ్గించమని ఎన్నిసార్లు కసిరినా తగ్గించలేదు. సరిగ్గా ఫోను రికార్డు చేస్తున్న పూటే తగ్గించింది. ఆ ఒక్కదానికి ఆయన ఆవిడని క్షమించలేదు.

మళ్లీ మొదటినుంచి పెట్టాడు.