జులై మార్కులు

లీగు పెద్దలారా, టీము డాక్టర్లారా, మీరు అబద్ధాలకోరులు. ఆటగాళ్ళ తలలు కాపాడటానికి కొత్త నియమాలు తెచ్చామని టీవీలో చెప్పుకుంటున్నారు. ఆ నియమాలు నడుపుతున్నది మీరు కాదు. టొలీడోలో, మా ఇంట్లో, జీతం లేకుండా నేను.

పోయిన ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో నా భర్త వెండెల్ తలకు దెబ్బ తగిలింది. అతను ముందు వరసలో వంగి నిలబడి, బంతి కదిలిన ప్రతిసారీ ఎదుటివాణ్ణి తలతో ఢీకొనే మనిషి. అతన్ని చూడటానికి ఎవరూ టికెట్ కొనరు. పడి లేచి, పోయి అవతలి జట్టు గుంపులో నిలబడ్డాడు. జనం నవ్వారు. మీరు అతన్ని మైదానం పక్కనున్న డాక్టర్ల గుడారంలోకి తీసుకెళ్ళి చూసి, సాయంత్రం నాకు అప్పజెప్పారు. వెలుతురు వద్దు, చప్పుడు వద్దు, కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. ఎవరు ఉండాలో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కదా.

పళ్ళ డాక్టరు దగ్గర నా ఉద్యోగానికి సెలవు పెట్టాను. కిటికీలకు దుప్పట్లు కట్టాను. ఆరేళ్ళ కూతురు ఓపల్‌కి ఇంట్లో పిల్లిలా నడవడం నేర్పాను. గిన్నెలు గరాజ్‌లో కడిగాను. మా అత్తగారు ఎర్నెస్టీన్ సాయానికని వచ్చి కుర్చీలో కూర్చుంది.

“నువ్వలా వాడి చుట్టూ తిరిగితే లేని జబ్బు వస్తుంది పిల్లా. మా ఆయన గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేశాడు. తలనొప్పని ఒక్క పూట మానలేదు.”

“ఆయన యాభై దాటగానే పోయాడు కదమ్మా.”

“పనిలో పోయాడు. పెళ్ళాం కొంగు చాటున కాదు.”

రోజూ పొద్దున టీము డాక్టరు ఫోను చేసేవాడు. వెండెల్‌కి కాదు, నాకు. “ఎలా ఉన్నాడమ్మా? నిద్ర పట్టిందా? చిరాకు పడుతున్నాడా?” నేను ఫోను ఎత్తకముందే సోఫాలోంచి వెండెల్ గొణిగేవాడు. “బాగున్నాడని చెప్పు యోలీ. నా చోటు కోసం ఒకడు కాచుక్కూర్చున్నాడు.” నేను ఉన్నదున్నట్టే చెప్పాను. నిద్ర లేదన్నాను. ఎదురుగా ఓపల్ తింటూ ఉంటే, ఓపల్ తిన్నదా అని మళ్ళీ మళ్ళీ అడిగాడన్నాను. “సరే సరే, గమనిస్తూ ఉండండి” అనేవాడు డాక్టరు.

ఇక్కడ జులై సంగతి చెప్పాలి. సీజను మొదలయ్యే ముందు ప్రతి ఆటగాణ్ణీ కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. మాటలు గుర్తుపెట్టుకోవాలి, బొమ్మలు పోల్చాలి. ఆ మార్కులు దాచి ఉంచుతారు. తలకు దెబ్బ తగిలాక మళ్ళీ అదే పరీక్ష పెట్టి, జులై మార్కులు తిరిగి వస్తే మెదడు బాగైనట్టు లెక్క. అందుకని మగాళ్ళందరూ జులైలో కావాలని తప్పులు చేస్తారు. మరీ ఎక్కువ తప్పులైతే కంప్యూటరు పట్టేస్తుంది, అందుకే కొంచెం మొద్దుగా కనపడాలి. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పే విద్య ఇది. మా పెరట్లో పొయ్యి మీద పంది పక్కటెముకల మాంసం కాలుస్తూ వెండెల్ కూడా నేర్పాడు. “నేను ఏనుగుని చూసి ఎలుకన్నాను రా” అని చెబితే అందరూ విరగబడి నవ్వారు. నేను వాళ్ళకి ప్లేట్లు అందిస్తున్నాను.

నిన్న శుక్రవారం మళ్ళీ పరీక్ష పెట్టారు. వెండెల్ ఇంటికొచ్చి తలుపు దగ్గరే చేతులెత్తాడు.

“పాస్! జులైలో ఎన్నో, సరిగ్గా అన్నే!”

“ప్రభువుకి స్తోత్రం” అంది అత్తగారు. చేపలు వేయించమని నాకు చెప్పింది.

నేను పొయ్యి వెలిగించలేదు. “ఈసారి కూడా కావాలనే తప్పులు చేశావా?” అని అడిగాను.

“పిచ్చా నీకు? ఈసారి ప్రాణం పెట్టి చేశాను.”

చెప్పి నవ్వుతూనే ఉన్నాడు. తను ఏమన్నాడో తనకి తెలియలేదు. అత్తగారికి తెలిసింది. కొడుకు ముఖం చూసి, కుర్చీలోంచి లేచి, ఓపల్‌ని తీసుకుని పైగదికి వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. అతని ఎదురుగానే డాక్టరుకి ఫోను చేసి, జులైలో కావాలని తగ్గించుకున్న మార్కులే ఈసారి ప్రాణం పెట్టినా వచ్చాయని చెప్పాను.

“పెట్టెయ్ యోలీ! నా పొట్ట కొడతావా? నువ్వసలు నా పెళ్ళానివేనా?” అని వెండెల్ అరిచాడు. తన అరుపుకి తనే తల పట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

అది కూడా డాక్టరుకి వినపడే ఉంటుంది.

“మార్కులు సరిపోయాయమ్మా. ఇంట్లోవాళ్ళ మాట మేము లెక్కలోకి తీసుకోకూడదు” అన్నాడు.

వారమంతా రోజూ ఫోను చేసి అడిగింది ఎవర్ని? అడిగేటప్పుడు నర్సుని, చెప్పేటప్పుడు పెళ్ళాన్నా?

ఆ డాక్టరుకి చెప్పిందే మీ అందరికీ చెబుతున్నాను. ఆటగాడు మోసం చెయ్యగల పరీక్షని కొలతగా పెట్టుకోవడం ఆపండి. ఇంట్లో కనిపెట్టుకుని ఉన్న ఆడమనిషిని విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆమె కాదంటే కాదని నియమం రాయండి. రేపు వెండెల్‌ని మైదానంలోకి దింపొద్దు. దింపుతారా, ఆట అయ్యాక అతన్ని నాకు అప్పజెప్పొద్దు. మీ ఇంటికి తీసుకెళ్ళండి, మీ కిటికీలకు మీరు దుప్పట్లు కట్టుకోండి.